బిడ్డల మేనిపై పొక్కులు



వేసవిలో మా బందరునందు ఎండకంటె నుక్క యెక్కువ బాధించును. సముద్రపుగాలి తేమతో నిండియుండుటచే మేన పట్టిన చెమట యారదు. గుడివాడ ప్రాంతమునను, దివిసీమ లంకలయందును ఇదియే స్థితి. ఆ దినములలో బిడ్డ యొంటిపై పొక్కులు కానవచ్చినచో ఇరుగుపొరుగు వారు "వేడి చేసినది" యని యొక్కమాటతో సరిపుచ్చుదురు. పెక్కుసారు లది నిజమే. కాని యన్నివేళల నిజము కాదు.

ఎఱ్ఱని పొక్కులని పుస్తకములలో వ్రాయుదురు. మన బిడ్డల చామనచాయ మేన ఆ యెరుపు స్పష్టముగ తెలియదు. కావున రంగును నమ్మక వెలుతురులో వ్రేళ్లతో తడవి చూడవలెను. పొక్కు లెచ్చట పుట్టినవి, వానితో జ్వరము కలదా యని విచారింపవలెను.

చెమట వెలువడు రంధ్రములు మూసికొనుటచే చెమటకాయలు పుట్టును. మెడ, వీపు, రొమ్ము, చంకలు వాని స్థానములు. చిటచిటలాడును గాని వానివలన జ్వరము రాదు. చన్నీటి స్నానము, పలుచని నూలుబట్ట, గాలి చాలును. ముంజెనీరు పూయుట మన యిండ్ల వాడుక, చల్లగ నుండును. చిక్కని నూనెలు మాత్రము పూయరాదు.

గజ్జి వేఱు. కంటికి కానరాని పురుగు చర్మమును తొలుచుటచే నది కలుగును. వ్రేళ్లసందులు, మణికట్టులు, బొడ్డుచుట్టు పొక్కులు లేచి రాత్రివేళ దురద హెచ్చును. మా యింటికి చదువుకొన వచ్చు బాలు డొకడు ఎడతెగక చేతులు గోకికొనుచుండెను. చెమటకాయలని తల్లి రెండుమాసములు పౌడరు చల్లినది. ఇంటిలో మఱెవరికైన దురద కలదా యని మే మడుగగా "మా అత్తకీ, చంటిదానికీ కూడా ఉందండీ అమ్మగారూ" అనెను. వైద్యుడు ఒకేరాత్రి ఇంటిల్లిపాదికి మందు పూయించి, బట్టలు వేడినీట నుదికించిన పిమ్మట గాని యది వదలలేదు.

అన్నింటను భయపడదగినది తట్టు. ముందు జ్వరము, దగ్గు, జలుబు, కన్ను లెఱ్ఱబడుట. మూడు నాలుగు దినములకు చెవులవెనుక, ముఖమున పొక్కులు మొదలై క్రిందికి దిగును. వేపమండలు కట్టి బిడ్డను వేఱుగ నుంచుట మంచిదే; వైద్యునికి చూపకుండుట మాత్రము కూడదు. ఊపిరి వేగమైనను, పాలు త్రాగకున్నను, మత్తుగ పడియున్నను తత్‌క్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. తట్టు ఊపిరితిత్తులకు దిగి బిడ్డల ప్రాణములు తీయును.

మసూచికము టీకాలవలననే లోకమున నిర్మూలమైనట్లు 1980లో ప్రకటింపబడినది. తట్టునకును టీకా కలదు. 9 నెలలు నిండగనే యొకటి, 16 మొదలు 24 నెలల నడుమ రెండవది ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగ వేయుదురు. మొదటిది వేయించి రెండవదానిని మఱచు తల్లులు కలరు. నేడే బిడ్డ టీకాల పుస్తకము తెఱచి చూచుకొనుడు.