టీ కణాల తొవ్వ, మన ముంజేతి మీద దద్దు

పోస్టు జర పొడుగుంది, ఓపికతోని చదవండ్రి.

కాలికి ముల్లు గుచ్చుకొని చీము పడితే గజ్జల్లో బిళ్ల కడతది. ఇది మన ఇండ్లల్ల అందరికీ తెలిసిందే. దెబ్బ పాదానికి తగిలితే బిళ్ల గజ్జల్లో ఎందుకు లేస్తది? బయాలజీ పుస్తకంలో ఆ బిళ్లనే లింఫ్ గ్రంథి అని రాస్తరు. మేం దాన్ని ఇంద్రవెల్లి అంగడి లెక్క అర్థం చేసుకున్నం. నాలుగు దిక్కుల ఊర్లోళ్లు అంగడికి వచ్చి ముచ్చట్లు చెప్పుకున్నట్టే, పుండు దగ్గరి నుంచి కొన్ని కణాలు క్రిమి ముక్కను పట్టుకొని అక్కడికి వస్తయి. ఆ ముక్కను గుర్తుపట్టే టీ కణం దొరికితే అది ఆగిపోతది, ఒకటి వేలవుతది. బిళ్ల ఉబ్బేది అందుకే.

టీ కణాలు ఎముకల మూలుగలో పుట్టి, రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్‌కు చేరుతయి. పేరులో 'టీ' అక్కడిదే. ఆ అవయవం పనేందో 1961లో జాక్ మిల్లర్ ఎలుకల మీద పరిశోధించి చెప్పిండు. అక్కడ నూటికి 95కు పైగా కణాలు చనిపోతయి. దేన్నీ గుర్తుపట్టలేనివీ, సొంత ఒంటినే శత్రువనుకునేవీ బయటికి రావు. గ్రూప్-1 ప్రిలిమ్స్ కూడా దానికన్నా నయమే.

నెగ్గినవి రక్తంలో తిరుగుతయి. బిళ్ల దగ్గరి సన్న రక్తనాళం గోడకు రాసుకుంటూ దొర్లి, ఆగి, సందులోంచి లోపలికి దూరుతయి. ఒక రోజు అటూఇటూగా వెతికి, తమకు సరిపోయే ముక్క దొరకకపోతే లింఫ్ నాళాల్లోకి దిగి, ఛాతీ గుండా పైకొచ్చి, మెడకు ఎడమ దిక్కు సిరలో కలిసి మళ్లీ రక్తంలోకి పోతయి. అంగడి నుంచి అంగడికి, బతికినంత కాలం. రక్తం నుంచి లింఫ్‌కు, లింఫ్ నుంచి రక్తానికి ఇట్ల తిరుగుతయని 1959లో జేమ్స్ గోవన్స్ ఎలుకల్లో రుజువు చేసిండు.

ఇదంతా మాకెందుకు పట్టిందంటే, ఉట్నూరు, జైనూరు, కెరమెరి దిక్కు నుంచి వచ్చి సుల్తానాబాద్‌ల రూముల్లో ఉంటున్న మాలో ఒక తమ్మునికి దగ్గు పట్టింది. రైసుమిల్లుల దుమ్ము అన్నరు చుట్టుపక్కలోళ్లు. రెండు వారాలు దాటినంక తెమడ పరీక్ష చేయిస్తే టీబీ. మిగిలినోళ్లకు మాంటూ పరీక్ష చేసిండ్రు. ముంజేతి చర్మంలోకి సన్న సూదితో ఎక్కించేది బతికిన క్రిమిని కాదు, దాని ప్రొటీన్లను. వాటిని ఇదివరకు చూసి గుర్తుపెట్టుకున్న టీ కణాలుంటే అవి అక్కడికి చేరి, తోటి కణాలను పిలుస్తయి. అవన్నీ పోగయ్యేసరికి 48 నుంచి 72 గంటలు. అందుకే మూడో రోజు రమ్మంటరు. స్కేలుతో కొలిచేది ఎర్రదనాన్ని కాదు, గట్టిదనాన్ని.

మాలో ఇద్దరికి గట్టిగ దద్దు లేచింది. ఒకడైతే చదువు బంద్ చేసి ఊరికి పోత అన్నడు. ఊర్ల తెలిస్తే చెల్లె పెండ్లి ఆగుతదని వాని భయం. దద్దు లేస్తే జబ్బు ఉన్నట్టు కాదు. క్రిమి సోకిందని, టీ కణాలు దాన్ని గుర్తుపట్టినయని మాత్రమే. సోకినోళ్లలో జీవితకాలంలో జబ్బు పడేది నూటికి ఐదు నుంచి పది మంది. వాని ఎక్స్‌రే బాగనే వచ్చింది. నివారణ మందులు మింగుతున్నడు, క్లాసులకూ వస్తున్నడు.

టీబీ క్రిమి జిత్తులమారి. ఊపిరితిత్తుల్లో దిగినంక దాని కబురు బిళ్లకు చేరడానికే రోజులు పడతది, టీ కణాలు తిరిగి ఊపిరితిత్తులకు వచ్చేసరికి వారాలు. వచ్చినవి క్రిమి చుట్టూ దడి కట్టి కూర్చుంటయి. ఆకలి, షుగరు, హెచ్‌ఐవీ ఆ దడిని బలహీనం చేస్తయి. తిండి లేకుంటే థైమస్ కూడా కుంచించుకుపోతది.

జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇంట్లోళ్లు 10,345 మంది మీద ఒక అధ్యయనం చేసిండ్రు. వాళ్లలో మూడింట రెండొంతులు ఆదివాసులే. కొందరికి నెలనెలా బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చిండ్రు. ఆ ఇండ్లల్ల టీబీ రావడం 39 శాతం తగ్గింది. 2023లో లాన్సెట్‌లో అచ్చయింది. మందు కాదు, పప్పన్నం!

మేం రూములో పప్పు వండే రోజులు పెంచినం, గుడ్లకు తలా ఇంత వేసుకుంటున్నం. టీబీ మందులు వాడేటోళ్లకు నిక్షయ్ పోషణ్ కింద నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేసిండ్రు. బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చి నమోదు చేయించుకోవాలె. తెలవనివి అడగాలంటే హెల్ప్‌లైన్ 1800-11-6666, పైసలు పడవు.