ఎవరి పాట వాళ్లదే!

న్యూయార్క్‌లోని బోవరీ వీధి... ఒకప్పుడు తాగుబోతులకూ నిలువనీడ లేనివాళ్లకూ అడ్డా. అక్కడ 315 నంబరు భవనంలో 1973లో హిల్లీ క్రిస్టల్ ఓ బారు తెరిచాడు. పేరు సీబీజీబీ. కంట్రీ, బ్లూగ్రాస్, బ్లూస్ పాటల కోసమని ఆ అక్షరాలు పెట్టుకున్నాడుగానీ, వచ్చి చేరింది మాత్రం రాక్ కుర్రాళ్లు! ఇరుకు హాలు, గోడల నిండా పోస్టర్లు... మరుగుదొడ్ల సంగతి అడక్కండి. ఆయన షరతల్లా ఒక్కటే, సొంత పాటలే పాడాలి.

ఆ షరతే టాకింగ్ హెడ్స్‌కి కలిసొచ్చింది. ఆర్ట్ కాలేజీలో పరిచయమైన డేవిడ్ బైర్న్, క్రిస్ ఫ్రాంట్జ్, టీనా వేమౌత్ దగ్గర్లోని క్రిస్టీ వీధిలో మకాం పెట్టారు. బేస్ గిటార్‌కి మనిషి దొరక్కపోతే టీనాయే నేర్చుకుంది. 1975లో ఇక్కడే రామోన్స్ బృందానికి ముందు పాడే అవకాశం వచ్చింది. తోలు జాకెట్ల మధ్య వీళ్లు మాత్రం మామూలు చొక్కాల్లో, బుద్ధిమంతుల్లా! తొలి రికార్డు చేతికొచ్చేసరికి 1977 సెప్టెంబరు. అప్పటికి జెర్రీ హారిసన్ కూడా చేరి నలుగురయ్యారు. ఆ రికార్డుకి అసలు స్టూడియో ఈ ఇరుకు హాలేననిపిస్తుంది నాకైతే.

అద్దె గొడవతో 2006 అక్టోబరులో క్లబ్ మూతపడింది. 2008లో అక్కడికి ఖరీదైన బట్టల దుకాణం వచ్చింది. పాత గోడను కొంతమేర, పోస్టర్లతో సహా, అద్దం వెనక అలాగే ఉంచారు.