ఒట్టి తునకలు, ఒక వైను సీసా

మార్చి దాటితే తిరుమలాయపాలెంలో ఎండ పనిలోకి దిగుతుంది. మిర్చి కల్లాలు ఎర్రగా పరుచుకుంటాయి. డాబాల మీద చింతపండు, వడియాలు, కాస్త ఆగితే మామిడి ఒరుగులు చేరతాయి. కొన్ని ఇళ్ల వెనక దండెం మీద మాంసం కూడా ఎండుతుంటుంది. పొడుగ్గా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి, దారానికి గుచ్చి వేలాడదీసిన మాంసం. మా వైపు వీటిని ఒట్టి తునకలు అంటారు.

డాలస్‌లో ఉండే మా మేనకోడలు పోయిన ఎండాకాలం వస్తూ ఒక వైను సీసా తెచ్చింది. "మామయ్యా, ఈసారి మనింట్లోనే షార్కుటరీ బోర్డు పెడదాం" అంది. చెక్కపలక మీద ఉప్పులో మాగిన మాంసాలు, చీజు, పండ్లు, గింజలు, కరకరలాడే రొట్టె, ఏదో ఒక పుల్లటి ఊరగాయ పేర్చి, చుట్టూ కూర్చుని వైనుతో నెమ్మదిగా తినడమట. ఖమ్మం పోయి సలామీ, చీజు ప్యాకెట్లు తెస్తానని బండి తాళం అడిగింది. తాళం ఇచ్చే ముందు పెరట్లో దండెం చూసి రమ్మన్నాను. ఆమె బజారుకు పోలేదు. మర్నాడు సాయంత్రం మేం పెట్టుకున్న పళ్ళెం చూశాక నాకో గట్టి నమ్మకం కుదిరింది. మన ఊళ్లలో కల్లుకు నంజుకునేవన్నీ ఒకచోట చేరిస్తే ఆ పళ్ళెం ఏ దేశపు పలకకూ తీసిపోదు. దాని నడిమధ్య ఉండాల్సినవి ఒట్టి తునకలే.

షార్కుటరీ ఫ్రాన్సు వాళ్ల విద్య. పారిస్‌లో 15వ శతాబ్దం నాటికే ఈ పనివాళ్లకు సొంత వృత్తి సంఘం ఉండేది. పందిని కోసిన రోజు నుంచి దానిలో ఏదీ వృథా పోకూడదన్నది ఆ వృత్తి ధర్మం. తొడను ఉప్పులో మాగబెడతారు. పేగులతో ఆందుయెట్ చేస్తారు, రక్తంతో బూదాఁ, కార్జంతో పాటే. వింటే కొత్తగా ఉంటాయి గానీ, మేకను కోసిన రోజు మన ఇళ్లలో జరిగేదేమిటి? బోటి కడగడానికి ఒకరు కూర్చుంటారు. నల్లను, అంటే రక్తాన్ని, ఉడికించి ముక్కలు కోసి ఉల్లిగడ్డతో వేయిస్తారు. కార్జం పొయ్యి దగ్గరే పిల్లల చేతుల్లోకి పోతుంది. తలకాయ, కాళ్లు మర్నాటికి. తండాల్లో లంబాడా వాళ్లు రక్తమూ పేగులూ కలిపి సళోయి వండుతారు, అది తిన్నవాడు మళ్లీ అడుగుతాడు. ఫ్రెంచి పలక మీద ఉన్న ప్రతిదానికీ మన పొయ్యి మీద ఒక జత ఉంది. ఆ రోజు తినగా మిగిలింది దండెం మీదికి ఎక్కుతుంది.

వాళ్ల తొడ మాంసానికీ మన తునకకూ తేడా వాతావరణంలో ఉంది. ఇటలీలో పార్మా ఊరి చుట్టుపక్కల ప్రొషూటో అనే పంది తొడ ఏడాదికి పైగా చల్లటి గదుల్లో వేలాడుతుంది. ఉప్పు లోపలికి దిగుతుంది, నీరు నెమ్మదిగా బయటికి పోతుంది, కొవ్వు మెత్తగా మాగి కమ్మటి వాసన తెచ్చుకుంటుంది. ఆ చలి మనకు లేదు. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ఎండాకాలంలో 45 డిగ్రీలు చూసే ఊళ్లు. ఈ వేడిలో కొవ్వు నాలుగు రోజుల్లో కారువాసన కొడుతుంది. అందుకే మన ఆడవాళ్లు తునకలకు కొవ్వు లేని కండనే ఏరుకున్నారు, సన్నగా చీల్చారు, వాళ్లకు నెలలు పట్టే పనిని రోజుల్లో ముగించారు. మాంసాన్ని చీల్చి ఎండబెట్టే ఈ దారి ఇంకొన్ని చోట్లా ఉంది. ఆండీస్ కొండల్లో చార్కి, దక్షిణాఫ్రికాలో బిల్టాంగ్ ఇలాంటివే. ఉప్పు నీటిని లాగేస్తుంది, ఎండ మిగిలిన తడిని తీసేస్తుంది. తడి లేనిచోట కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పెరగలేవు. ఈ సంగతి ఏ బడిలోనూ నేర్వకుండానే మా నాయనమ్మ తునకను చేతిలో విరిచి, టప్పుమంటే కుండలో వేసేది, వంగితే తిరిగి దండెం మీద వేసేది.

మాంసాన్ని కండ పోగుల వెంట, అంటే పొడుగు దిశలో, వేలెడు మందం మించకుండా కోయాలి. కడిగాక నీరంతా ఓడనివ్వాలి. కిలోకు గుప్పెడు కల్లుప్పు, చెంచాడు పసుపు, దంచిన వెల్లుల్లి, అల్లం పట్టించి, వేడి రోజులు కాబట్టి ఫ్రిజ్‌లోనే ఒక రాత్రి ఉంచాలి. పొద్దున్నే దబ్బనంతో దారానికి గుచ్చి, ఒకదానికొకటి తగలకుండా వేలాడదీయాలి. ఈగ వాలకుండా పల్చటి గుడ్డ కప్పాలి. పొద్దుగూకితే లోపలికి తేవాలి, మంచు తడి తగిలితే బూజు పడుతుంది. మూడు నాలుగు మంచి ఎండలు చాలు. మబ్బు పట్టే రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. ఎండినవి గాలి చొరని డబ్బాలో పెడితే వానాకాలం దాకా వస్తాయి. అప్పుడు గోంగూరతోనో దోసకాయతోనో వండుకుంటారు. పళ్ళేనికైతే వేరే పద్ధతి. బొగ్గుల మీద బాగా కాల్చి, రోట్లో దంచి పోగులు విడదీసి, చెంచాడు నెయ్యిలో వెల్లుల్లి, కరివేపాకుతో కరకరలాడేలా వేయించాలి. పచ్చిగా ఎండినవి గనుక నిప్పు చూపకుండా తినకూడదు.

ఇంత మంచి తిండిని మనం అతిథి కళ్ల ముందు ఎందుకు పెట్టం? ఇది నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న సంగతి. తిరుమలాయపాలెం మెట్ట నేల. 2017 జనవరిలో భక్త రామదాసు ఎత్తిపోతల పథకం పాలేరు నీళ్లను ఇటు తెచ్చేదాకా ఇక్కడి సేద్యం ఎక్కువగా వానను నమ్ముకునే సాగింది. వాన రాని ఏడు కుండలోని తునకలే కూర. అందులోనూ పెద్దకూర తునకలు మాదిగ, మాల ఇళ్ల వంట. చేతికి డబ్బు వచ్చినప్పుడు రోజూ తాజా మాంసం కొనుక్కోగలిగినవాళ్లు తునకలను లేమికి గుర్తు చేశారు, కులానికి గుర్తు చేశారు. వాసన అన్న ఒక్క మాటతో ఎంతమంది పిల్లలు హాస్టల్ గదుల్లో, అద్దె ఇళ్లలో డబ్బా మూత తీయలేకపోయారో. అదే వాసన ప్యాకెట్‌లో, పై దేశం పేరుతో వస్తే ఖరీదు పెట్టి కొంటున్నాం. మరాఠీలో షాహూ పటోలే దళితుల తిండి మీద 2015లో ఒక పుస్తకమే రాశారు, 2024లో అది ఇంగ్లీషులోకి వచ్చింది. మన తునకల లాంటివాటిని మరాఠ్వాడాలో చాన్యా అంటారు. తెలుగు వంటల పుస్తకాలు తిరగేస్తుంటే, పులిహోరకు ఉన్నన్ని పేజీల్లో పదోవంతు కూడా తునకలకు దొరకదు. ఆ లోటు పూడాలి. కష్టకాలంలో మనుషుల్ని బతికించిన విద్యకు పళ్ళెంలో నడిమి చోటు ఇవ్వడం న్యాయం.

ఇక చుట్టూ ఏం పెట్టాలి? మోదుగాకుల విస్తరి ఒకటి పీట మీద పరిచాం. తునకల పక్కన, పాలేరు చెరువు పరిగెలు ఎండినవి నూనెలో వేయించి పెట్టాం. చీజుకు బదులు గడ్డపెరుగును పల్చటి బట్టలో కట్టి రాత్రంతా వేలాడదీసి, ఉప్పూ మిరియాలూ కలిపాం. నోట్లో ఉప్పుదనాన్ని అది చల్లార్చింది. రొట్టెకు బదులు సకినాలు, కరకరలాడేలా కాల్చిన జొన్నరొట్టె ముక్కలు. కల్లుకాడ ఉండే శనగ గుడాలు లేకపోతే మా ఊళ్లో ఎవరూ ఒప్పుకోరు, కాబట్టి అవీ ఉన్నాయి. పులుపుకు ఉసిరికాయ తొక్కు, పచ్చి మామిడి చీలికలు. తీపి అంతా అడవి నుంచి వచ్చింది. భద్రాచలం వైపు సంతల్లో కోయవాళ్లు అమ్మే ఎండు ఇప్పపువ్వు ఎండుద్రాక్ష చేసే పనే చేస్తుంది, దాని సువాసన ఇంకా లోతైనది. సారపప్పు దోరగా వేయిస్తే బాదం అక్కర్లేదు. తునికిపండ్లు, తాటిముంజలు ఆ రుతువులోవే. అడవి తేనె ఒక చిన్న గిన్నెలో. కరకరలాడే తునక పోగు మీద రెండు చుక్కల తేనె వేసుకుని చూడండి, నేను ఎక్కువ చెప్పక్కర్లేదు.

వైను దగ్గర ఒక జాగ్రత్త ఉంది. ఖమ్మం మార్కెట్టు తేజ మిర్చికి పేరున్నది, మన చేయి దాని వైపే పోతుంది. కానీ మద్యం కారపు మంటను ఇంకా రేపుతుంది, ఎర్ర వైనులోని వగరు దానికి తోడైతే నోరు మొద్దుబారి తునక రుచీ వైను రుచీ రెండూ పోతాయి. అందుకే ఈ పళ్ళేనికి తునకల్లో ఎండుమిరప వద్దు, మిరియం చాలు. చల్లబెట్టిన తెల్ల వైను, కొంచెం తీపి ఉన్నది, దీనికి బాగా కుదిరింది. అమెరికా సీసానే కావాలని లేదు. 2000లో తొలి వైన్లు విడుదల చేసిన నాసిక్ సూలా వాళ్ల షెనిన్ బ్లాంక్ హైదరాబాద్‌లో దొరుకుతుంది.

నా మట్టుకు నాకు పొద్దున దింపిన తాటికల్లే దీనికి అసలు జోడు. ద్రాక్షరసాన్ని వైనుగా మార్చే ఈస్టు జాతే లొట్టిలో, అంటే చెట్టుకు కట్టే కుండలో, కల్లును పులియబెడుతుంది. వైను మాగడానికి నెలలు కావాలి, కల్లు చెట్టు మీద ఉండగానే మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పుల్లబడుతుంది. పొద్దుటి తీపి కల్లుకు ఎండు పరిగెలు, మధ్యాహ్నపు కల్లుకు తునకలు సరిపోతాయని మా ఊరి గీత కార్మికులు ఎప్పుడో తేల్చారు. తెలిసిన గౌడు కళ్ల ముందు దింపిన కల్లయితేనే తాగండి. మత్తుమందు కలిపిన కల్లు ప్రాణాలు తీస్తోంది. తాగనివాళ్లకు, లొట్టికి సున్నం పూసి పులియకుండా దింపిన నీరా ఉంది.

తిండిలోనూ హద్దు ఉండాలి. ఉప్పులో ఊరబెట్టి, పొగబెట్టి నిల్వచేసిన మాంసాలు క్యాన్సర్ కారకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో తేల్చింది. సలామీకి వర్తించేది తునకకూ వర్తిస్తుంది. మన పెద్దలు కూరలో నాలుగు తునకలు వేసి ఇంటిల్లిపాదీ తిన్నారు, ఆ కొలతే మంచిది.

కిలో మాంసం ఎండితే సుమారు మూడో వంతు మిగులుతుంది. నలుగురైదుగురు కూర్చున్న ఒక సాయంత్రానికి అందులో సగం చాలు. ఈ ఎండలు పోకముందే దండెం కట్టండి. చుట్టాలు వచ్చినప్పుడు ఆ పళ్ళెం వంటింట్లో దాచకుండా ముందు గదిలోకి తెచ్చి, ఇవి ఒట్టి తునకలు అని పేరు చెప్పి పెట్టండి.