ఓవెన్సు లోయలో ఆగిన బండి

రాజమహేంద్రవరమునుండి వచ్చిన మా అత్తగారికి యోసెమిటీ కొండలను చూపవలెనని 2019వ సంవత్సరము సెప్టెంబరు మాసమున లాసు ఏంజిలీసునుండి బయలుదేఱితిమి. పది దినములలో ఆమె స్వదేశమునకు మరలవలసియుండెను. డెబ్బదియేండ్లు దాటిన మనిషి. మఱల ఇంతదూరము వచ్చుట సందేహమే. మొహావీ ఎడారి దాటి, ఉత్తరముగా పోవు 395వ నంబరు రాజమార్గమును పట్టితిమి. ఎడమచేతివైపున సియెరా నెవాడా పర్వతములును, కుడిచేతివైపున ఇన్యో పర్వతములును కోటగోడలవలె నిలిచియుండ, వాని నడుమనున్న సన్నని పల్లమే ఓవెన్సు లోయ. అందు మొదట కనబడునది ఓవెన్సు సరస్సు. సరస్సని పేరేగాని ఉప్పు తేలిన తెల్లని బయలు. లోయలోని యేటినీటిని లాసు ఏంజిలీసునకు కొనిపోవు కాలువ 1913లో పూర్తియైన తరువాత కొలది యేండ్లకే అది యెండిపోయెను. నేడు ధూళి యెగురకుండుటకై అందు కొంతభాగమును తడుపుచున్నారు. మా నగరపు కుళాయినీరు ఎవరి యింటినుండి వచ్చుచున్నదో ఆనాడుగాని మాకు తెలియలేదు.

మా వ్యాను 1985లో తయారైనది. మావారికి దానిపై బిడ్డపై ఉన్నంత మమకారము. గేర్లను అదియే మార్చుకొనును. కాలితో క్లచ్చి నొక్కు పనిలేదు. ఇట్టి ఏర్పాటుగల కార్లను ఓల్డ్స్‌మొబైల్ వారు 1940వ సంవత్సరపు నమూనాగా విరివిగా అమ్మ మొదలిడిరి. పని తగ్గినదని సంతోషించుటయేగాని, ఆ పని లోపల ఎవరు చేయుచున్నారో మేమెన్నడును విచారింపలేదు.

లోన్ పైన్ ఊరు సమీపించుసరికి బండి నడక మాఱెను. ఇంజను పెద్దగా రొద చేయుచుండెను గాని వేగము హెచ్చదు. కూడలిలో ఆగి మఱల కదలించినప్పుడు, కొంతసేపు ఆలోచించి, ఒక్క కుదుపుతో ముందునకు దూకెను. మావారు ఎండవేడిమి యనిరి. వెనుక కూర్చున్న అత్తగారు మాత్రము, "అమ్మాయీ, ఎక్కడో అడుగంటుచున్నది. మాడు వాసన వచ్చుచున్నది" అనిరి. పొయ్యియొద్ద అఱువదియేండ్లు గడపిన ముక్కు పొరపడునా?

సమతలముగానున్న చోట బండి నిలిపి, ఇంజను ఆడుచుండగనే కొలతపుల్లను తీసి తెల్లని గుడ్డపై తుడిచితిమి. ఆ నూనె పారాణివలె ఎఱ్ఱగా ఉండవలెను. మాది కషాయపు రంగున నుండెను. పుల్ల కొననుగూడ సరిగా అంటలేదు. బండిక్రింద చుక్కచుక్కగా కారుచుండెను.

ఆ పెట్టెలో జరుగునది వినుడు. బల్లపై రెండు విద్యుత్తు పంకాలను ఎదురెదురుగా నుంచి ఒకదానిని త్రిప్పినచో, దాని గాలికి రెండవదియు తిరుగును. ఇంజను బలము చక్రములకు చేరుటకు ఇట్టిదే యుపాయము. గాలికి మాఱుగా నూనె. లోపలి క్లచ్చి పలకలను బిగించి పట్టునదియు, పుట్టిన వేడిమిని మోసికొనిపోవునదియు ఆ నూనెయే. అది తఱిగినచో పలకలు జాఱును. జాఱినచో వేడి పుట్టును. వేడికి మిగిలిన నూనెయు మాడును.

లోన్ పైన్‌లోనే ఆ యంత్రమునకు తగిన నూనె కొని పోసితిమి. బండి కొంత తేఱుకొనెను. ఇక అసలు చిక్కు. బిషప్ పట్టణము వఱకు దారి ఇంచుమించు చదునే. ఆపైన షెర్విన్ కనుమ 7,000 అడుగులు, దానిపైన టయోగా కనుమ దాదాపు 9,950 అడుగులు. "మెల్లగా ఎక్కింతునమ్మా, నీకు చూపకుండ ఎట్లు పంపుదును?" అని మావారు పట్టుపట్టిరి. మాకును నోరు రాలేదు. అత్తగారే, "ఎద్దు మోకరిల్లిన తరువాత ములుకోలతో పొడిచిన లాభమేమిరా? ఎక్కలేనని అది చెప్పుచునే యున్నది" అనిరి. కోరిక ఆమెది గనుక, మానుకొను మాటయు ఆమెయే యనవలసివచ్చెను.

చల్లబడుటకై త్రోవలో మాంజనార్ వద్ద ఆగితిమి. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942 మొదలు 1945 వఱకు, జపాను సంతతివారిని, అందు అమెరికాలోనే పుట్టిన పౌరులను సైతము, ప్రభుత్వము నిర్బంధించిన శిబిరములలో ఇది యొకటి. పదివేల మందికి పైగా ఇచట నుండిరి. బారకులు పోయినవి, శ్మశానమున తెల్లని స్తంభమొకటి నిలిచియున్నది. వారు రాళ్లు పేర్చి కట్టుకొన్న తోటల, కొలనుల ఆనవాళ్లను త్రవ్వి వెలికితీసియుంచిరి. "చెఱలోగూడ తోట వేసికొనిరా!" అని అత్తగారు ఎండిన కొలను గట్టున చాలసేపు కూర్చుండిరి. యోసెమిటీ ప్రస్తావన ఆమె మఱల తేలేదు.

బిషప్‌లో మెకానిక్కు నూనెపళ్లెమును విప్పి చూపెను. అడుగున నల్లని మడ్డి, అందు మెఱయుచు లోహపు రజను. నూనె మార్చిన చాలదనియు, పెట్టె నంతయు విప్పి పలకలు, ముద్రలు క్రొత్తవి వేయవలెననియు, అంత పాతబండికి సామగ్రి తెప్పించుటకు వారములు పట్టుననియు చెప్పెను. లాగించుకొని పోదుమా యన్నచో, నడుపు చక్రములు నేలనంటకుండ ఎత్తి తీసికొనిపోవలెననెను; ఇంజను ఆడనిచో లోపలి పంపు ఆడదు, పండ్లచక్రములు నూనెలేక అఱుగునట. బండిని అచటనే విడిచి, అద్దెకారులో ఇల్లు చేరితిమి. బయలుదేఱునాటి తెల్లవాఱుజామున సియెరా శిఖరములపై తొలియెండ పడి కుంకుమ చల్లినట్లయ్యెను. అత్తగారు శాలువ కప్పుకొని, ఆ యెఱుపు పోవువఱకు వసతిగృహపు ముంగిట నిలువబడి చూచిరి.

మావారు బండిని తెచ్చుకొనునప్పటికి ఆమె రాజమహేంద్రవరము చేరియుండిరి. టెలిఫోనులో మొదట అడిగినది, "వాసన పోయినదా?" అని. పోయినదని కుమారుడు చెప్పగా, "పుల్ల తీసి చూచితివా?" అని అడిగిరి.