ఎవరు చేసిన్రు, ఎవరు చెప్పిన్రు

చేసినవాణ్ణి పక్కకు నెట్టి జరిగినదాన్ని ముందు పెట్టేది కర్మణి వాక్యం. ఇంగ్లీషువాళ్ల రోజువారీ మాటల్లో ఇది అందరూ అనుకునేంత ఎక్కువేమీ కాదు. భాషాశాస్త్రవేత్త డగ్లస్ బైబర్, ఆయన సహచరులు 1999లో వెలువరించిన లాంగ్‌మన్ వ్యాకరణం లెక్కలో శాస్త్ర రచనల్లోని క్రియల్లో సుమారు నాలుగో వంతు కర్మణివే. ఇంట్లో, వీధిలో మాట్లాడుకునే ఇంగ్లీషులో మాత్రం నూటికి రెండు. ‘ఐ వాజ్ బార్న్ ఇన్ మేడ్చల్’ అన్నా, బండి పోయి ‘మై బైక్ గాట్ స్టోలెన్’ అన్నా ఎవరికీ అభ్యంతరం లేదు. కన్నది అమ్మేనని అందరికీ తెలుసు, దొంగ ఎవరో ఎవరికీ తెలియదు. పేచీ వచ్చేది చెప్పేవాడికి కర్త ఎవరో బాగా తెలిసి కూడా దాటేసిన చోట. ప్రవాస తెలుగువాడి బతుకును అటూ ఇటూ తిప్పే కాగితాలన్నిటి మీదా ఉండేవి సరిగ్గా ఆ కొద్ది వాక్యాలే.

హెచ్1బీ వీసా మీద అమెరికాలో ఉన్నవాళ్లకు ‘కేస్ వాజ్ రిసీవ్డ్’ అన్న మాట కంఠస్థం. వలస శాఖ వెబ్‌సైటులో రసీదు నంబరు కొడితే వచ్చేది అదే. అదృష్టం బాగుంటే తర్వాత ‘కేస్ వాజ్ అప్రూవ్డ్’, లేకపోతే ‘రిక్వెస్ట్ ఫర్ అడిషనల్ ఎవిడెన్స్ వాజ్ సెంట్’. మేడ్చల్ నుంచి అమ్మ ఫోన్ చేసి ‘ఎవరు తీస్కున్నరు బిడ్డా, ఏమన్నరు?’ అని అడిగితే చెప్పడానికి మనిషి దొరకడు. కాగితం అందింది, అందుకున్నవాడు లేడు.

ఉద్యోగాలు తీసే రోజుల్లో వచ్చే ఉత్తరం ఇంకో మెట్టు పైన: ‘యువర్ పొజిషన్ హాజ్ బీన్ ఎలిమినేటెడ్’. ఇందులో తీసేసినవాడు కనపడడు, ఉద్యోగం పోగొట్టుకున్నవాడూ కనపడడు, పోయింది పదవి మాత్రమే. ఆ పదవిలో కూర్చున్న హెచ్1బీ మనిషికి కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికో, పెట్టే బేడా సర్దుకోవడానికో నిబంధనల ప్రకారం దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. ఇంటి కిస్తీ, పిల్లల బడి, కారు అప్పు అన్నీ ఆలోపే తేలాలి. ఇంతపని చేసిన వాక్యానికి కర్త లేడంటే అది మొహం చాటేయడమే.

ఈ సంగతి ఇంగ్లీషువాళ్లకు తెలియక కాదు. కర్తరి సరిపోయే చోట కర్మణి వాడొద్దని జార్జ్ ఆర్వెల్ 1946లోనే రాజకీయ భాష మీద రాసిన వ్యాసంలో సూత్రం పెట్టాడు. ఇరాన్‌కు ఆయుధాలు అమ్మిన వ్యవహారం బయటపడ్డాక, 1987 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రీగన్ చట్టసభల ముందు ప్రసంగిస్తూ బాధ్యత తనదేనని ఒప్పుకున్నాడు కానీ, తప్పుల దగ్గరికి వచ్చేసరికి ‘మిస్టేక్స్ వర్ మేడ్’ అని, అవి వాటంతటవే జరిగిపోయినట్టు చెప్పాడు. భాషాశాస్త్రవేత్త జెఫ్రీ పుల్లమ్ 2014లో ఆర్వెల్ సూత్రానికి ఎదురు వాదన వినిపించాడు. కర్మణిని తిట్టిపోసేవాళ్లలో చాలామందికి అసలు కర్మణి ఏదో గుర్తుపట్టడమే రాదని, ఆర్వెల్ వ్యాసంలోనూ అది దండిగా ఉందని చూపించాడు.

ఆయన అన్నదాంట్లో నిజముంది. ‘ది ఫైల్ వాజ్ నాట్ అటాచ్డ్’ అనే తోటి ఉద్యోగి ఎదుటివాడి పరువు నలుగురిలో పోకుండా కాపాడుతున్నాడు. అదే తెలుగులో ‘ఫైలు పెట్టలేదు నువ్వు’ అంటే తగాదాకు దిగినట్టే ఉంటుంది. ఇంగ్లీషు ఆఫీసుల్లో గొంతులు లేవకుండా పని సాగడానికి ఈ వాక్యం చేసే సాయం చిన్నది కాదు. ప్రయోగశాలలోనైతే దీని అవసరం ఇంకా ఎక్కువ. శామీర్‌పేట దగ్గర తుర్కపల్లి చుట్టూ ఉన్న జీనోమ్ వ్యాలీలో ‘శాంపుల్స్ వర్ కలెక్టెడ్’ అని రాస్తే తప్పు పట్టలేం. ఎవరు చేసినా ఫలితం ఒకటే రావాలన్నది అక్కడి నియమం. అదే శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో చదువుకునేవాళ్లకు కర్త లేని వాక్యం అనుమానించదగ్గది. నేరంలో మొదటి ప్రశ్నే ‘ఎవరు’ అన్నది కదా.

తెలుగు సంగతి వేరు. ‘బావి తవ్వబడెను’ అని బడిలో పిల్లలచేత కర్మణి రాయిస్తారు కానీ బావి దగ్గర ఆ మాట ఎవరూ అనరు. ‘బాయి తవ్విన్రు’ అంటారు. ‘రోడ్డేసిన్రు’, ‘నల్లా ఇచ్చిన్రు’ కూడా అంతే. పేరు చెప్పలేదు, కానీ క్రియ చివర ‘రు’లో మనుషులు మిగిలే ఉన్నారు. మేడ్చల్ వైపు ఎండాకాలం ఫ్యాను ఆగితే ‘కరెంటు తీసిండు’ అంటారు. తీసినవాణ్ణి ఎవరూ చూడలేదు, పేరు తెలియదు. అయినా సబ్‌స్టేషన్‌లో ఒకడున్నాడు, వాణ్ణి నాలుగు తిట్టవచ్చు. తిట్టాక కాస్త చల్లగానే ఉంటుంది. అమెరికాలో గాలివానకు కరెంటు పోతే ‘పవర్ వాజ్ ఇంటరప్టెడ్’ అని మెసేజీ వస్తుంది. తిట్టడానికి మనిషి లేని దేశంలో చీకట్లో కూర్చోవడం కష్టం.

అలాగని తెలుగువాళ్లు కర్తను దాచరని కాదు. చేతిలోంచి గ్లాసు జారవిడిచిన పిల్లవాడు ‘గ్లాసు పగిలింది’ అంటాడే తప్ప ‘పగలగొట్టిన’ అనడు. పగులు, విరుగు, తెగు, కాలు లాంటి క్రియలు తెలుగులో బోలెడు. కర్మణితో పని లేకుండానే ఇవి తప్పును వస్తువు మీదికి తోసేస్తాయి. ఇక్కడ ఇంగ్లీషును నిందించి లాభం లేదు.

చెప్పినవాణ్ణి దాచడంలోనూ రెండు భాషలకూ చెరో దారి ఉంది. ‘ఐ వాజ్ టోల్డ్’, ‘హీ ఈజ్ సెడ్ టు బి రిచ్’, ‘ఇట్ వాజ్ బ్రాట్ టు మై అటెన్షన్’ ఒక కోవవి. మూడోది మేనేజర్ నోట వచ్చిందంటే ఎవరో చాడీ చెప్పారన్నమాట. ఆ ఎవరో మాత్రం బయటికి రాడు. వీటిలో బాగా అరిగిపోయింది ‘సపోజ్డ్ టు’. ‘ఇట్ ఈజ్ సపోజ్డ్ టు రెయిన్ టుమారో’ అంటే రేపు వాన పడతదంట అని. అదే మాట ‘యు ఆర్ నాట్ సపోజ్డ్ టు పార్క్ హియర్’లో ఆజ్ఞ అయిపోతుంది. పెట్టొద్దన్నది ఎవరో తెలియదు గానీ జరిమానా మాత్రం తప్పదు.

ఇంత తతంగాన్నీ తెలుగు ‘అంట’ అన్న ముక్కతో తేల్చేస్తుంది. నేను చూడలేదు, ఎవరో అన్నారు, నమ్మడం నమ్మకపోవడం నీ ఇష్టం. ఈ మూడూ అందులోనే ఇమిడి ఉంటాయి. ఈ విషయంలో తెలుగుదే పైచేయి.

ఎదుటివాడి మాటను అప్పజెప్పడంలో మాత్రం తెలుగువాళ్లు ఇంగ్లీషులో తరచు తడబడతారు. ‘రేపు వస్త అన్నడు’లో వచ్చేవాడు అతనే అయినా ‘వస్త’ అతని నోటి మాటగానే నిలుస్తుంది. ఇలాంటి అనుకృతి వాక్యాలను, భాషాశాస్త్రవేత్త చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ (1975)లో వివరించాడు. ఇంగ్లీషు దాన్ని ‘హీ సెడ్ హీ వుడ్ కమ్’ అని మార్చేస్తుంది, మనిషీ మారతాడు, కాలమూ మారుతుంది. అలవాటు కొద్దీ ‘హీ టోల్డ్ ఐ విల్ కమ్’ అనేస్తే మీటింగులో అందరూ ఆ కబురు మోసుకొచ్చినవాడి కోసమే ఎదురుచూస్తారు.

ఇక ‘అంట’కు అసలు రాజధాని మేడ్చల్–శామీర్‌పేట ప్రాంతమే. సికింద్రాబాద్‌లోని ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కు 23 కిలోమీటర్లు, జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి శామీర్‌పేటకు 22 కిలోమీటర్లు మెట్రో వేసే ప్రతిపాదనను ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2025 జనవరి 1న ప్రకటించారు. ఆ వార్త డాలస్, న్యూజెర్సీ వాట్సాప్ గ్రూపులకు ‘మెట్రో పడ్తదంట, గజం రేటు పెరుగుతదంట’ అని చేరుతుంది. మొదటి ‘అంట’ వెనక సర్కారు ప్రకటన ఉంది. రెండో ‘అంట’ వెనక ఎవరున్నారో చూసుకోవాలి.

మేడ్చల్, శామీర్‌పేట రోడ్ల పక్కన మాటల్లో బతకని తెలుగు కర్మణి బోర్డుల మీద బతుకుతోంది: ‘ఇచ్చట ప్లాట్లు అమ్మబడును’. అమ్మేదెవరో వాక్యంలో లేదు. విదేశంలో కూర్చుని డబ్బు పంపేవాళ్లు కర్తను వెతకడానికి చట్టం ఒక దారి ఇచ్చింది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) కింద 500 చదరపు మీటర్లు, లేదా ఎనిమిది యూనిట్లు దాటిన ప్రాజెక్టు ఏదైనా రిజిస్టరు కావాలి, ప్రకటనలో ఆ నంబరు ఉండాలి. తెలంగాణ రెరా వెబ్‌సైటులో నంబరు కొడితే అమ్మేవాడి పేరు వస్తుంది. రిజిస్ట్రేషన్ అవసరమైన లేఅవుటుకు నంబరు లేకపోతే ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వకండి.