శ్రీనాథుడి డౌటు, పోతన జవాబు

ఫాంటసీ నవల రాస్తున్న మిత్రుడొకడున్నాడు నాకు. మానుకోట వాడు (అదే, మహబూబాబాద్). పగలు జావా, రాత్రి రాక్షసులు. ఎన్నో నెలలుగా నిద్ర మానుకుని రాస్తున్నాడు, ఈమధ్య మానేద్దామా అన్న ఆలోచనలో పడ్డాడు. తొమ్మిదో అధ్యాయం పంపి "అన్నా, యుద్ధం సీను చప్పగున్నది, ఇంకో డ్రాగన్‌ను దించాల్నా?" అని అడిగాడు. చదివాను. కత్తి పొడవు, కవచం మందం, మంత్రం ఎన్ని ఘడియలు పనిచేస్తుంది, అన్నీ ఉన్నాయి. రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటుగా చూస్తే వంక పెట్టడానికి లేదు. ఓడిపోతే ఎవడికి ఏం పోతుందో మాత్రం ఎక్కడా లేదు.

డ్రాగన్ల సంగతి తర్వాత, ముందు బమ్మెర పోయి రా అన్నాను. జనగామ జిల్లాలో, పాలకుర్తి దగ్గర. పోతన ఊరు. (ఆయనది ఒంటిమిట్ట అనేవాళ్ళూ ఉన్నారు. ఆ గొడవలోకి నేను దిగను.)

గజేంద్రమోక్షాన్ని బడిలో బట్టీ పట్టించి చంపేశారు గానీ, అది పక్కా ఫాంటసీ సీను. వెయ్యేళ్ళ పోరాటం. అయినా పోతన దెబ్బలు లెక్కపెడుతూ కూర్చోడు. నీళ్ళలో మొసలికి బలం పెరుగుతూంటే ఏనుగుకి తరుగుతూ ఉంటుంది. ఆఖరికి దేవుణ్ణి పిలవాల్సిన చోట, ఉన్నాడంటున్న ఆ దేవుడు నిజంగా ఉన్నాడా లేడా అని ఏనుగుకే అనుమానం తెప్పిస్తాడు. రాసినవాడేమో పరమభక్తుడు! నా మటుకు నాకు సీను మొత్తంలో ఊపిరి బిగపట్టేది అక్కడే.

తర్వాత వైకుంఠం. సంస్కృత భాగవతంలో విష్ణువు చక్రం పట్టుకుని, గరుత్మంతుడి మీద, ప్రొసీజర్ ప్రకారం వస్తాడు. పోతన విష్ణువు పక్కనున్న లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు తీసుకోడు, పరివారాన్ని పిలవడు, చేతిలో ఉన్న ఆవిడ పైటకొంగు కూడా వదలడు. ఆవిడ అడుగుదామని ముందుకు రెండడుగులు, అడిగితే ఏమవుతుందోనని వెనక్కి రెండడుగులు. మొసలి ఏనుగు కాలు పట్టుకునే ఉంది, మనం ఇక్కడ ఈవిడ తడబాటు చూస్తున్నాం. టెన్షన్ పెంచింది ఆ ఆలస్యమే.

దీనిమీద జనంలో ఓ కథ ఉంది. చరిత్ర కాదు, కథే. శ్రీనాథుడు చదివి, "ఆయుధాల్లేకుండా పోయి మీ విష్ణువు ఏం చేస్తాడయ్యా, చోద్యం చూస్తాడా?" అన్నాడట. కోడ్ రివ్యూలో ఇలాంటివాడు ఒకడు తప్పకుండా ఉంటాడు కదా :) పోతన అప్పుడేం మాట్లాడలేదు. కాసేపయ్యాక బావిలో ఓ బండరాయి పడేసి, శ్రీనాథుడి పిల్లాడు పడిపోయాడని కేకేశాడు. తాడూ లేదు, నిచ్చెనా లేదు, శ్రీనాథుడు పరిగెత్తుకొచ్చాడు. డౌటు క్లోజ్.

జనగామలోనే ఇంకో బడి కూడా ఉంది. 2017లో పోయిన చుక్క సత్తయ్య ఒగ్గు కథ చూసినవాళ్ళని అడగండి. ఒగ్గు కథలో పక్కనున్న వంతవాడు మధ్యమధ్యలో అడ్డం పడి ప్రశ్నలేస్తాడు. మనం అడగాలనుకున్నది వాడే అడుగుతాడు, జవాబు వచ్చేలోపల డోలు అందుకుంటుంది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్ నెలాఖరుకి సరిగ్గా కొండ అంచున ఆగడం కూడా ఈ బాపతే.

అయితే నాకు అన్నిటికంటే ఒళ్ళు గగుర్పొడిచేది మేడారం కథ. (మేడారం 2016 నుంచి 2019 దాకా భూపాలపల్లి జిల్లా, ఇప్పుడు ములుగు.) కాకతీయ సైన్యంతో పోరు, వెన్నుపోటు. సమ్మక్క నెత్తురోడుతూనే చిలకలగుట్ట వైపు నడిచి కనబడకుండా పోతుంది. ఆమె చావు మనకెవరూ చూపించరు. వెతుక్కుంటూ పోయినవాళ్ళకి దొరికింది ఒక కుంకుమ భరిణె, అంతే. ఇప్పటికీ రెండేళ్ళకోసారి ఆమెను భరిణె రూపంలో గుట్ట దింపి గద్దెకి తెస్తుంటే, పోలీసులు గాల్లోకి తుపాకులు పేలుస్తారు.