పిలుపు రాకపోతే...

బాగా ఆడితే చాలు, కాలేజీలే వెతుక్కుంటూ వస్తాయి... డాలస్ శివార్లలోని ఆ తెలుగింట్లో ముగ్గురి నమ్మకమూ అదే. అమ్మాయి హైస్కూల్ సాఫ్ట్‌బాల్ జట్టులో క్యాచర్. మన క్రికెట్‌లో వికెట్‌కీపర్‌లాగే గొంతుక్కూర్చుని బంతి అందుకోవాలి. ప్రత్యర్థి పరుగందుకుంటే రెప్పపాటులో రెండో బేస్‌కు విసిరి అవుట్ చేయాలి. ఆ పనిలో ఆమెది అందెవేసిన చెయ్యి. అలమర నిండా పతకాలే! పదకొండో తరగతి చివరికొచ్చింది. ఒక్క కోచ్ కూడా ఫోన్ చేయలేదు.

తోటి అమ్మాయిలకేమో ఒక్కొక్కరికీ కాలేజీ ఖాయమైపోతోంది. ఆరా తీస్తే తెలిసింది, ఈ పరుగు ఎప్పుడో మొదలైందని. ఒకప్పుడైతే ఏడో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలే ఫలానా కాలేజీకి ఆడతామని మాటిచ్చేసేవారట. అది మరీ శ్రుతిమించడంతో కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ 2018లో కళ్లెం వేసింది. డివిజన్ 1 సాఫ్ట్‌బాల్ కోచ్‌లు పదకొండో తరగతిలో సెప్టెంబరు 1 వచ్చేదాకా పిల్లలతో ఈ విషయం మాట్లాడకూడదు. వీళ్లు మేల్కొనేసరికి ఆ తేదీ దాటి ఎనిమిది నెలలు! పైగా కోచ్‌లు ఎక్కువగా చూసేది స్కూల్ మ్యాచ్‌లు కాదు, వేసవిలో జరిగే క్లబ్ టోర్నమెంట్లు. ఈ అమ్మాయి వేసవులన్నీ ఎస్‌ఏటీ కోచింగ్‌కీ ఇండియా ప్రయాణాలకీ సరిపోయాయి.

నాన్న ఎంసెట్ రాసి పైకొచ్చిన మనిషి. ర్యాంకు, కౌన్సెలింగ్, సీటు... ఆయనకు తెలిసిన లెక్క అది. ఇక్కడ ర్యాంకుల జాబితా లేదు. స్పోర్ట్స్ కోటాలోలా సర్టిఫికెట్లు చూపిస్తే పనవదు. ఎవరు కావాలో కోచ్‌దే నిర్ణయం. ఆ ఏడాది జట్టుకి క్యాచర్ అవసరం లేకపోతే ఎంత బాగా ఆడినా అంతే సంగతులు.

డబ్బు లెక్కా ఆయన అనుకున్నట్లు లేదు. డివిజన్ 1లో చాలాకాలం జట్టు మొత్తానికీ 12 స్కాలర్‌షిప్పులే. వాటినే ఇరవైమందికి ముక్కలుగా పంచేవారు. 2025-26 నుంచి కొత్త విధానంలో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయింది కానీ జట్టులో 25 మందికి మించకూడదన్న నిబంధన వచ్చింది. దానికితోడు ఒక కాలేజీ నుంచి మరో కాలేజీకి మారే అనుభవజ్ఞులతో పోటీ. ఆలస్యంగా వచ్చినవారికి మిగిలే చోటు ఇంకా తక్కువ.

‘బంతాట కోసం ఇంత బెంగ దేనికే, చదువుకోక!’ అంది తెనాలి నుంచి అమ్మమ్మ ఫోన్‌లో. ‘పోనీలే తల్లీ, వదిలేద్దాం’ అన్నాడు నాన్న కూడా. ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. ‘పేరున్న కాలేజీ కోసం కాదు నాన్నా, నాకు ఇంకో నాలుగేళ్లు ఆడాలనుంది. అంతే’ అంది. పదేళ్లుగా తెల్లారి లేస్తే గ్లవ్ వెతుక్కునే పిల్ల మరి. అది లేని రోజుని ఊహించుకోలేకపోయింది.

అక్కణ్నుంచి పద్ధతి మారింది. పిలుపు కోసం చూడటం మానేసి తనే ఉత్తరాలు మొదలుపెట్టింది. ముందు, తను చదవాలనుకున్న బయాలజీ బాగా చెప్పే కాలేజీల జాబితా రాసుకుంది. వాటిలో సాఫ్ట్‌బాల్ జట్లు ఎక్కడున్నాయో చూసింది. స్కాలర్‌షిప్పులిచ్చే ఎన్‌ఏఐఏ కాలేజీలు, రెండేళ్లు చదివి వేరే యూనివర్సిటీకి మారే వీలున్న జూనియర్ కాలేజీలు, నాలుగొందలకు పైగా ఉన్న డివిజన్ 3 కాలేజీలు... పన్నెండో తరగతిలోనూ ఆటగాళ్లను వెతికే కోచ్‌లు అక్కడ ఉంటారు. అమ్మ ఫోన్‌లోనే మూడు నిమిషాల వీడియో తీసింది. పాటలూ హంగులూ లేవు. బంతి అందుకోవడం, రెండో బేస్‌కు విసరడం, బ్యాటింగ్. దాంతోపాటు మార్కుల జాబితా, వేసవిలో ఎక్కడెక్కడ ఆడబోతోందో ఆ వివరాలు. ప్రతి కోచ్‌కీ పేరుపెట్టి విడిగా మెయిల్.

నలభై పంపితే జవాబులొచ్చింది తొమ్మిది. అందులో ఆరు ‘మాకు క్యాచర్ ఉంది’ అనే. మిగిలిన మూడు కాలేజీలకూ నాన్నే కారులో తీసుకెళ్లాడు. ఒకచోట కోచ్ అడిగిన ప్రశ్న ఇంటిల్లిపాదినీ ఆలోచనలో పడేసింది. ‘మొదటి నెల్లోనే మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయిందనుకో, అయినా ఇక్కడే చదువుతావా?’ అని. ల్యాబ్‌లూ హాస్టలూ అన్నీ మళ్లీ తిరిగిచూసి, అవునంది.

ఆ కాలేజీది డివిజన్ 3. అక్కడ ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు. ఫీజులో పెద్ద భాగం తగ్గించింది ఆమె మార్కులే. ఆ కాగితం పట్టుకుని అమ్మమ్మకు ఫోన్ చేసిన నాన్న, చదువు గురించి సగం, జట్టు గురించి సగం చెప్పాడు.

ఇప్పుడు వాళ్లకు తెలిసిన తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి అదే ఆట ఆడుతోంది. ఆమె తల్లిదండ్రులకు ఈ అమ్మాయి చెప్పే మాట ఒక్కటే: ‘తను బాగా ఆడుతోందని మీకు తెలిస్తే చాలదు అంకుల్, కోచ్‌లకూ తెలియాలి. ఈ వేసవిలోనే ఒక మెయిల్ పెట్టించండి.’